మాటలు ఆలస్యమైన బిడ్డకు సరైన థెరపిస్టును వెతుక్కోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు అమ్మానాన్నల కోసం

మీ బిడ్డకు రెండేళ్ళు నిండాయి. పక్కింటి పాప "అమ్మా, బువ్వ" అంటోంది. మీ వాడేమో చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడే తప్ప నోరు తెరవడు. ఇంట్లో పెద్దవాళ్ళు "వాళ్ళ నాయనకు నాలుగేళ్ళకు గానీ మాటలు రాలేదు, మగపిల్లోళ్ళు అంతే" అంటారు. మా అత్త కూడా అదే మాట అంది. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాసింది కూడా. ఆ మాట పట్టుకుని నేను ఎనిమిది నెలలు కూర్చున్నాను. ఆ ఎనిమిది నెలలు మీకైనా కలిసిరావాలని ఇది రాస్తున్నాను.

మెడ నిలవకపోవడం, నడక రాకపోవడం, వినపడకపోవడం, పిలిస్తే చూడకపోవడం, ఇలా పసిబిడ్డలకు వచ్చే ఇబ్బందులు చాలా. నాకు దగ్గరగా తెలిసింది మాట సంగతి, అందుకని దాని చుట్టూనే చెబుతాను. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం అడగాలి అన్నది మాత్రం అందరికీ దాదాపు ఒకటే.

ముందు ఒక నోటు పుస్తకం

డాక్టరమ్మ "బాబు ఎప్పుడు కూర్చున్నాడు? ఎప్పుడు నడిచాడు?" అని అడిగితే నేను మా ఆయన వైపు, ఆయన నా వైపు చూసుకున్నాం. మీకు ఆ గతి పట్టకూడదు. కడుపుతో ఉన్నప్పుడు ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు బీరువాలోంచి తీయండి. టీకాల తేదీల కోసమే దాన్ని దాచుకుంటాం గానీ, ఏ వయసుకు బిడ్డ ఏం చేయాలో అందులో బొమ్మలేసి మరీ ఉంటుంది.

గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. 4 నెలలకు మెడ నిలవాలి. 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. 18 నెలలకు నడవాలి. ఏడాది నిండేసరికి ఊసులు, టాటా చెప్పడం, కావాల్సినదాన్ని వేలితో చూపించడం ఉండాలి. 16 నెలలకు ఒక్క మాటైనా రావాలి. రెండేళ్ళకు "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత సొంతంగా రావాలి. మనం అన్నదాన్ని చిలకలా తిప్పి అనడం లెక్కలోకి రాదు. ఈ వయసులు దాటితే చూపించాల్సిందే. అంతకుముందు వచ్చిన మాటలు పోయాయంటే, బిడ్డ ఏ వయసులో ఉన్నా సరే, వారం కూడా ఆగొద్దు.

పుస్తకంలో ఈ తేదీలు రాసుకోండి. ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియోలు తీసిపెట్టుకోండి: ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు ఒకటి, వెనక నుంచి పేరు పెట్టి పిలిచినప్పుడు ఒకటి, అన్నం తినేటప్పుడు ఒకటి. ఆసుపత్రిలో బిడ్డ ఏడుస్తూ మీ చంక దిగడు. అప్పుడు డాక్టరుకు ఆ వీడియోలే ఆధారం.

ఎక్కడ మొదలుపెట్టాలి

నేరుగా థెరపీ సెంటరుకు పోకండి. ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తక్కువగా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, రక్తం తక్కువా, చెవులు ఎలా ఉన్నాయి అన్నవి తేలకుండా స్పీచ్ థెరపీ మొదలుపెడితే పునాది వేయకుండా గోడ కట్టినట్టే.

సర్కారు వైపు నుంచి ఒక మంచి దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల జట్లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఏడాదికోసారి వచ్చి పిల్లలను చూస్తాయి. ఎదుగుదల ఆలస్యం కనిపిస్తే డీఈఐసీకి, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాస్తారు. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ టీచరు ఒకే కప్పు కింద పైసా ఖర్చు లేకుండా చూడాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. ఆ జట్టు మీ వీధి అంగన్‌వాడీకి ఎప్పుడు వస్తుందో టీచరమ్మను అడిగిపెట్టుకోండి. అంతదాకా ఆగాలని లేదు. తిరుపతిలో ఉంటే రుయాలో పిల్లల ఓపీకి, చిత్తూరులో ఉంటే జిల్లా ఆసుపత్రికి నేరుగా వెళ్ళి "ఎదుగుదల ఆలస్యంగా ఉంది సార్, డీఈఐసీకి రాయండి" అని నోరు తెరిచి అడగండి. జ్వరాలు, దగ్గుల క్యూలో మీ బిడ్డ సంగతి వేరని మీరు చెబితేనే తెలుస్తుంది.

నడక, కాళ్ళ వంకర్ల సంగతైతే అలిపిరి రోడ్డులోనే టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు పక్కూరి లెక్క. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదలకు ప్రత్యేక విభాగమే ఉంది, బాగాయంలోని నంబిక్కై నిలయంలో తల్లి బిడ్డతో పాటే ఉండి నేర్చుకునే ఏర్పాటు కూడా ఉంది. వెంకటగిరి వైపు వాళ్ళకు నెల్లూరులోని కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల కేంద్రం సీఆర్‌సీ దగ్గర. పెద్దచోట వివరంగా పరీక్ష చేయించుకుని, వారంవారం థెరపీ మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోవడం మేలని నా అనుభవం. బస్సులో మూడు గంటలు కుక్కుకుని వచ్చిన బిడ్డ థెరపీలో ఏం చేస్తాడు, నిద్రపోతాడు.

ఇంకో మాట. "ఆటిజమా, కాదా తేలాక మొదలుపెడదాం" అనుకోవద్దు. పేరు తేలడానికి నెలలు పట్టొచ్చు. మాట ఆలస్యంగా ఉందన్నది కళ్ళకు కనిపిస్తూనే ఉంది కదా, దానికి కావాల్సిన పని ఈలోపే మొదలుపెట్టొచ్చు.

చెవి పరీక్ష ఎగ్గొట్టొద్దు

"టీవీలో పాట వస్తే వంటింట్లోంచి పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అని నేనూ వాదించాను. లావు శబ్దాలు వినపడి "స", "ఫ" లాంటి సన్నని శబ్దాలు వినపడని పిల్లలు ఉంటారట. వాళ్ళు చప్పట్లకు తిరుగుతారు, మాట మాత్రం వాళ్ళకు సగమే అందుతుంది. అందుకని ఓఏఈ అనే చెవి పరీక్ష, అవసరమైతే బెరా పరీక్ష చేయిస్తారు.

బెరాకు బిడ్డ నిద్రపోవాలి. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అంటించి, చెవిలో టక్‌టక్‌మని శబ్దం వినిపిస్తే లోపల నరం దాన్ని అందుకుంటోందో లేదో మిషను గీస్తుంది. నొప్పి ఉండదు. మాకు పొద్దున పదింటికి టైము ఇచ్చారు. రాత్రి పదకొండు దాకా మేలుకోబెట్టి, తెల్లవారి నాలుగింటికి లేపాం. కొర్లగుంటలో ఆటో ఎక్కాం. లీలామహల్ సర్కిల్ దాటకముందే గాలికి వాడు నా ఒళ్ళో హాయిగా నిద్రపోయాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగడం, వాడు కళ్ళు తెరిచి నవ్వడం ఒకేసారి జరిగాయి. ఆరోజు పరీక్ష లేదు. మళ్ళీ పదిరోజులకు టైము.

రెండోసారి మా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకున్నా. దారంతా పాటలు, చక్కిలిగింతలు. పాలసీసా సంచిలోంచి తీయనే లేదు. గదిలోకి వెళ్ళి, బిళ్ళలు అంటించడానికి అంతా సిద్ధమయ్యాకే పట్టాం. మీరూ అలాగే చేయండి. ముందురోజు తలస్నానం చేయించండి, నూనె మాత్రం రాయొద్దు, బిళ్ళలు అంటుకోవు. నిద్రమందు సిరప్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు ఇష్టం. మీరు ఇంటి నుంచి దేన్నీ పోసుకెళ్ళొద్దు.

వినికిడి తక్కువని తేలితే ఆ క్షణం నుంచి అదే మొదటి పని. వినికిడి మిషను ఎంత త్వరగా పెడితే మాట అంత బాగా వస్తుంది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం ప్రాజెక్టులో వినికిడి లేని పసిపిల్లలకు తల్లితో కలిపి శిక్షణ ఇస్తారు.

ఎవరు ఏం చేస్తారు

ఈ పేర్లన్నీ మొదట్లో నాకు కలగాపులగం. ఒక గ్లాసు నీళ్ళతో చెబుతాను. బిడ్డ నిటారుగా కూర్చుని, లేచి, నీళ్ళ దగ్గరికి నడిచేలా చేసేది ఫిజియోథెరపిస్టు. గ్లాసు పట్టుకుని ఒలకకుండా తాగడం, తడి తగిలితే కేకలు పెట్టకుండా ఉండడం ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసేది. "నీళ్ళు" అని అడగడం, మాట రాకపోతే కనీసం వేలితో చూపించడం స్పీచ్ థెరపిస్టు నేర్పేది. గ్లాసంటే ఏది, తాగాక ఎక్కడ పెట్టాలి అన్న చదువు స్పెషల్ టీచరుది. గ్లాసు ఎందుకు విసిరేస్తున్నాడో పట్టుకునేది, పరీక్షలు పెట్టి ఆటిజమా, బుద్ధి ఎదుగుదల ఆలస్యమా చెప్పేది క్లినికల్ సైకాలజిస్టు. అందరూ అందరికీ అక్కర్లేదు. అన్నీ ఒక్కరే చేసేస్తామంటే మాత్రం కాస్త ఆలోచించండి.

తలుపు తెరిచి ఉంచేవాళ్ళను వెతకండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మేం చేరిన మొదటి సెంటరులో మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. "తల్లి ఉంటే బిడ్డ మాట వినడమ్మా" అని తలుపు వేసేసేవారు. ముప్పావుగంట తర్వాత వాడు చేతి మీద నక్షత్రం స్టిక్కరుతో బయటికి వచ్చేవాడు. ఏం చేశారంటే "బాగా చేశాడమ్మా" అనేవారు, రోజూ అదే జవాబు. ఒకరోజు కిటికీ తెర పక్కకు జరిగి ఉంటే చూశాను. వాడి ముందు ఫోనులో రైమ్స్ నడుస్తున్నాయి. మిగిలిన డబ్బు వెనక్కి అడిగే ధైర్యం కూడా లేక మానేశాం.

రెండోచోట ఆ అమ్మాయి చాప పరిచి, నన్నూ కూర్చోమంది. సబ్బునీళ్ళ డబ్బా తీసి బుడగలు ఊదింది. మా వాడు ఎగిరి గంతేశాడు. మళ్ళీ ఊదింది. మూడోసారి పుల్లను పెదాల దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. వాడు చూశాడు. ఆమె ఊదలేదు. వాడు ఆమె చెయ్యి నెట్టాడు, ఆమె కదల్లేదు, కనుబొమ్మలు మాత్రం పైకెత్తి వాడి కళ్ళలోకే చూస్తోంది. నాకు ఊపిరాడలేదు, "ఊదండి పాపం" అనబోయాను. వాడి పెదాలు కలిశాయి. "బు" అన్నాడు. ఆమె వెంటనే "బుడగ!" అని గది నిండా ఊదింది. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, "ఇప్పుడు మీరు చేయండక్కా" అంది.

ఎవరిని ఎంచుకోవాలో నాకు అప్పుడు అర్థమైంది. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి ముప్పావుగంట, మొత్తం రెండుంపావు గంటలు. వారానికి ఉండేవి 168 గంటలు. మిగతావన్నీ బిడ్డ మనతోనే ఉంటాడు. మనకు నేర్పని థెరపిస్టు దగ్గర ఎన్ని డిగ్రీలున్నా బిడ్డకు అందేది ఆ రెండుంపావు గంటలే. కొందరు పిల్లలు తల్లి ఉంటే నిజంగానే పని చేయరు, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు అద్దం కిటికీ లోంచి చూడనివ్వాలి, లేదా చివరి పది నిమిషాలు పిలిచి చూపించాలి. రెండూ కుదరవంటే ఇంకోచోటు చూసుకోండి.

చేరే ముందు అడగాల్సినవి ఇవి. మీ చదువేంటి, ఆర్‌సీఐ నంబరు ఉందా? స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో నమోదు కావాలి, ఆ నంబరును మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఫిజియో, ఓటీలకు ఈ నంబరు ఉండదు, వాళ్ళను డిగ్రీ అడగండి. రోజూ క్లాసు తీసుకునేది బోర్డు మీద పేరున్న మనిషేనా, లేక నెల రోజుల ట్రైనింగు తీసుకున్న అమ్మాయా? వచ్చే మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో కాగితం మీద రాసిస్తారా? "మాటలు తెప్పిస్తాం" అని రాస్తే చాలదు. "కావాల్సినదాన్ని రోజుకు ఐదుసార్లు వేలితో చూపిస్తాడు" అన్నట్టుండాలి, మూడు నెలలయ్యాక అయిందో లేదో మనమే లెక్కపెట్టుకునేలా.

అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మంచివాళ్ళు సంతోషంగా చెబుతారు. విసుక్కున్నారంటే మీ డబ్బు మిగిలినట్టే.

"ఆరు నెలల్లో గ్యారంటీ" అన్నవాళ్ళ దగ్గర ఆగొద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల చికిత్స అని లక్షలు అడిగేవాళ్ళూ ఉన్నారు. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా దాన్ని సిఫారసు చేయలేమని చెప్పింది. తిరుమలకు నడిచి వస్తామని మొక్కుకోండి, కాణిపాకం వెళ్ళండి, మేమూ వెళ్ళాం. ఆ ప్రయాణానికి థెరపీ రోజు మాత్రం మానకండి.

ఇంట్లో చేసే పని

పొద్దున పొంగణాలు వేశారనుకోండి. ఆరు పొంగణాలు ఒకేసారి పళ్ళెంలో పెట్టొద్దు. ఒక్కటి పెట్టండి. తిన్నాక గిన్నె వాడికి కనిపించేలా పట్టుకుని, నోరు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది లెక్కపెట్టడమే మహా కష్టం, మన తల్లుల చెయ్యి ముందే పళ్ళెంలోకి వెళ్ళిపోతుంది. వాడు చూశాడా, చెయ్యి చాచాడా, "ఇ" అన్నాడా, ఏది చేసినా "ఇంకా!" అని చెప్పి వెంటనే పెట్టండి. ఏడిపించకూడదు. ఏడుపు వచ్చేలా ఉంటే ఇచ్చేయండి. ఆరు పొంగణాలంటే మాట్లాడడానికి ఆరు అవకాశాలు. స్నానంలో చెంబు నీళ్ళతో, మేడ మీద ఉయ్యాలతో కూడా ఇదే ఆట.

అన్నం తినిపించేటప్పుడు ఫోను ఇవ్వడం ఆపండి. రెండేళ్ళలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలే వద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు రోజుకు గంటకు మించొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఫోను వల్లే ఆటిజం వచ్చిందని చుట్టాలు మిమ్మల్ని సాధిస్తే ఆ నింద మాత్రం నెత్తిన వేసుకోవద్దు. ఫోను చూసే గంట మాటలు నేర్చుకునే గంట కాదు, అంతవరకే నిజం.

మన వైపు ఇంట్లో తెలుగు, అమ్మమ్మ వాళ్ళింట్లో అరవం, బడిలో ఇంగ్లీషు. "ఇన్ని భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, ఇంగ్లీషే మాట్లాడండి" అని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీ నోటికి ఏ భాష తేలికగా వస్తుందో, ఏ భాషలో లాలించగలరో, తిట్టగలరో, అందులోనే మాట్లాడండి. థెరపిస్టు కార్డులు ఇంగ్లీషులో ఉంటే "యాపిల్" పక్కన మీరు "అరటిపండు" బొమ్మ అంటించండి, మన ఇళ్ళలో రోజూ కనిపించేది అదే.

కాగితాల పని

దీన్ని సాగదీయను. ఇబ్బంది ఎక్కువకాలం ఉండేదని డాక్టరు చెబితే సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య సర్టిఫికెట్టు) పరీక్షకు స్లాటు తీసుకోండి. దాంతోనే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. పసిపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్టు ఇచ్చి, కొన్నేళ్ళకు మళ్ళీ చూస్తారు. "పిల్లోడి మీద ముద్ర పడిపోతుంది" అని మా ఇంట్లో రెండు నెలలు గొడవ జరిగింది. ఆ కార్డును నుదుట అంటించుకుని తిరగం, బీరువాలో పెట్టుకుంటాం. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను (2024 నుంచి నెలకు 6,000 రూపాయలు), కొన్ని రకాల వైకల్యాలకు రైల్లో రాయితీ వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా కొంత అందులో పెట్టుకోవచ్చు. బిల్లులు దాచుకోండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సు ఇవ్వండి.

బడిలో చేర్చేటప్పుడు

బడి వయసు పిల్లల కోసం మండలాల్లో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఇలాంటి పిల్లల కోసమే ఉన్న ఐఈఆర్పీ టీచర్లు ఉచితంగా నేర్పుతారు, ఫిజియో వచ్చే రోజులు ఉంటాయి, కదల్లేని పిల్లలకైతే ఇంటికే వస్తారు. ఎంఈఓ ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. ప్రైవేటు బడిలో "మావల్ల కాదమ్మా" అంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి బిడ్డను కాదనకూడదు. అయితే చట్టం చెప్పి గెలిచిన సీటులో బిడ్డను టీచరు ప్రేమగా చూడాలిగా. అందుకని నేను చట్టాన్ని సంచిలోనే ఉంచి, ఒక కాగితం రాసుకెళ్ళాను. పెద్ద అక్షరాలతో, ఒకే పేజీ.

"పేరు పిలిస్తే వెంటనే చూడడు. దగ్గరికి వచ్చి భుజం తట్టి చెప్పండి. రెండు పనులు కలిపి చెబితే రెండోదే చేస్తాడు. బాత్రూముకు వెళ్ళాలంటే చొక్కా అంచు నలుపుతాడు. బెల్లు మోత పడదు, చెవులు మూసుకుని బల్ల కిందికి దూరతాడు. కాస్త ముందు 'బెల్ కొడతారు' అని చెబితే చాలు, ఏడవడు."

ప్రిన్సిపాల్ ఆ కాగితం చదివి ఫైల్లో పెట్టుకున్నారు. నేను ఇంకో కాపీ ఆయమ్మకు ఇచ్చాను. మీరు కూడా ఆయమ్మకు ఒకటి ఇవ్వడం మరిచిపోవద్దు. మా బడిలో బెల్లు కొట్టేది ఆమే. రెండో వారం నుంచి సుత్తి తీసుకోబోయే ముందు ఎల్‌కేజీ గుమ్మంలోకి తల పెట్టి "నాయనా, కొడతా ఉండా" అని చెప్పి పోయేది. మా వాడు రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, బల్ల పైనే కూర్చుని ఎదురుచూసేవాడు.